ఎదిగిన టైమింగ్ చైను

ఆ ఏడాది జీవరక్షణ సంస్థలో ఏదీ తగ్గకూడదని పైవాళ్లు తీర్మానించారు.

అంతకు ముందు ఏడాది పారదర్శకత నడిచింది. అప్పుడు ప్రతి ఆఫీసుకూ అద్దాల తలుపులు పెట్టించారు. తలుపుందని తెలియక కొందరు ముక్కులు చితగ్గొట్టుకున్నారు. పారదర్శకత వచ్చేసిందని ఫోటోలు తీసి పైకి పంపించారు. ఈ ఏడు వృద్ధి వంతు వచ్చింది. ఎక్కడో గుట్ట మీద చల్లటి హోటల్లో సదస్సు జరిగిందట. దానికి వెళ్లిన పెద్దలు కిందికి దిగేసరికి వాళ్ల నోళ్లలో ఈ మాట నానుతోంది. సంస్థకున్న ప్రతి ఆస్తీ పెరగాలి. పెరగకపోతే ఎందుకు పెరగలేదో చెప్పాలి. ఖర్మ చాలక తగ్గిందా, ఎవరివల్ల తగ్గిందో వాళ్ల పేరు చెప్పాలి.

అసలు ఆ సంస్థను పెట్టింది గొర్రెలకూ మేకలకూ సూదీ మందూ చూడటానికి. ఆ సంగతి ఇంకా మరిచిపోనివాళ్లలో డాక్టర్ ప్రసూన ఒకతె. దుబ్బగూడెంలోని సంచార పశువైద్యశాల ఆమె చేతి కింద ఉండేది. పేరు వింటే ఏదో అనుకుంటారు గానీ అదొక పాత డీజిల్ వ్యాను. వెనక ఒక ఐసు పెట్టె, మందుల అర, పొట్టేలును పడుకోబెట్టడానికి ఒక రేకు బల్ల, అంతే వైద్యశాల. దాన్ని నడిపే కొమురెల్లి ఎండాకాలం మధ్యలో ఒకనాడు వచ్చి ఆమె టేబులు ముందు నిలబడ్డాడు.

"మేడమ్, బండి మంచిగ లేదు. పొద్దుగాల సెల్ఫు కొట్టంగనే ఉత్త డబ్బాల గులకరాళ్లేసి ఊపినట్టు మోత. కొంచెం నడిస్తె తగ్గుతది గని, నాకైతే మనసున వడ్తలేదు."

బస్టాండు వెనక షెడ్డున్న జహంగీరు బానెట్టెత్తి, చెవి ఆనించి, సంగతి చెప్పాడు. "టైమింగ్ చైను వదులైంది మేడమ్. కింద క్రాంకు తిరుగుడుకు, పైన వాల్వులు తెరుసుడుకు పొత్తు గలిపేది గదే. అది పళ్ల మీదికెల్లి జారిందనుకో, వాల్వులు పోయి పిస్టన్లను గుద్దుతయి. ఇంజనే పోతది. చైను, దాన్ని తిప్పే రెండు పళ్ల చక్రాలు, అన్ని ఒక్కపారే మార్చాలె. ఒకటి మార్చి ఒకటి ఉంచితె పాతది కొత్తదాన్ని తినేస్తది."

మార్చడానికి ఒక్క పూట పని. సామాను జిల్లా స్టోర్సులో ఉంది. మామూలు మనుషులైతే సాయంత్రానికి పని ముగించుకుని ఇంటికి పోయేవాళ్లు.

ప్రసూనకు తొందర ఎందుకంటే మిరుగు, అంటే మృగశిర కార్తె, దగ్గరపడుతోంది. తొలకరికి మొలిచే లేత గడ్డి మీద గొర్రెలు ఆబగా పడతాయి. దాంతో కడుపులో విషం పుడుతుంది. సాయంత్రం గంతులేసిన గొర్రె పొద్దున దొడ్లో కాళ్లు చాపి ఉంటుంది. చిటికె వేసినంతలో పోతుంది కాబట్టి దాన్ని చిటుకు రోగమంటారు. వచ్చాక చేయగలిగిందేమీ లేదు, రాకముందే సూది వేయాలి. ఆ టీకా మందును సంస్థ సొంత బండికి తప్ప ఇవ్వదు. ఆ బండి తిరగడానికి పనికొస్తుందని డాక్టరు సంతకం పెడితే తప్ప అసలే ఇవ్వదు.

గుట్టల మీద గుండ్లగట్టు అని ఒక పల్లె ఉంది. అక్కడ ఐలవ్వ అనే ముసలమ్మకు నిరుడు మంద సగానికి సగం ఇట్లాగే పోయింది. మిగిలినవాటికి పిల్లలయ్యాయి. ఆమెకు మొగుడు లేడు, భూమి లేదు, ఆ మందే ఉంది. సంతలో కనపడ్డప్పుడల్లా ఆమె ప్రసూన చెయ్యి పట్టుకుని, "బిడ్డా, ఈపాలి మిరుగుకు ముందే రావాలె" అనేది. "వస్తనవ్వా, నాదీ పూచీ" అని ప్రసూన మాటిచ్చింది. ఇచ్చేటప్పుడు నిజంగానే ఇచ్చింది.

చైనూ చక్రాలూ కావాలని అడగడానికి ఆమె జిల్లా ఆఫీసుకు వెళ్లింది. అక్కడ స్టోర్సు అధికారి పరాంకుశం. ఆయన మాట్లాడితే గోడ మీద అంటించిన ప్రకటన చదువుతున్నట్టుంటుంది. ఇంట్లో మంచినీళ్లు కూడా అట్లాగే అడుగుతాడని ఆఫీసులో చెప్పుకుంటారు.

"శబ్దము వచ్చుచున్నదని తెలియజేసినారు. పరిశీలించడమైనది. శబ్దము ఆస్తి కాదు డాక్టరు గారూ. ఆస్తి కానిదానికి నష్టము లేదు. నష్టము లేని చోట భర్తీ లేదు. కొలతకు లొంగు కారణము ఏదైనా ఉన్నచో తెలియపరచండి."

"కొలత కావాలంటే కొలుస్తానండీ" అంది ప్రసూన.

ఆమె తన గొయ్యి తాను తవ్వుకున్నది ఇక్కడే. మర్నాడు జహంగీరు చేత ఇంజను ముందు మూత విప్పించి చైను బయటికి తీయించింది. షెడ్డులో వేరేవాళ్ల బండి కోసం తెచ్చి ఉంచిన అదే రకం కొత్త చైనునూ దాన్నీ పక్కపక్కన నేల మీద పరిపించింది. కొత్తది ఆగిపోయిన చోట పాతది ఆగలేదు. ఇంకో బొటనవేలి వెడల్పు ముందుకు పోయింది. లోపలి పిన్నులు అరిగి, లింకుకూ లింకుకూ మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడి, ఆ వెంట్రుకలన్నీ కలిసి అంత అయింది. చైను తిరిగే చక్రాల పళ్లు సన్నబడి కొక్కేల్లా వంగిపోయి ఉన్నాయి. అదంతా ప్రసూన ఉన్నదున్నట్టు పైకి తెలియజేసింది. చైను పొడవు పెరిగింది, చక్రాల పళ్లు తగ్గాయి, కాబట్టి రెండూ మార్చాలి అంది.

ఇంత స్పష్టంగా చెప్పాక ఎవరికైనా అర్థం కాదా అనుకుంది పాపం. అర్థం చేసుకోవడం తేలికని ఆమె నమ్మకం.

మూడో నాడు పరాంకుశం స్వయంగా కారు దిగి షెడ్డులోకి వచ్చాడు. జేబులో టేపుంది. నేల మీదున్న చైనును చూసి, వంగి కొలిచి, లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఈ చైను మీకు అప్పగించినపుడు ఉండిన పొడవు ఒకటి. నేడు ఉన్న పొడవు మరొకటి. ఈ అదనపు భాగము ఎవరిది?"

"ఎవరిదీ కాదండీ. అరిగింది."

"అరిగినది తగ్గును. ఇది పెరిగినది. మీ సొంత చైను ముక్క ఏదైనా సంస్థ చైనుకు కలిపినారా?"

"నేనెందుకు కలుపుతానండీ? లోపల పిన్నులు అరిగితే సందులు పడతాయి. ఆ సందులన్నీ కూడితే పొడవు."

పరాంకుశం కొంచెంసేపు కళ్లు మూసుకున్నాడు. ఆయన ఆలోచించేటప్పుడు అట్లాగే మూసుకుంటాడు, ఆలోచించనప్పుడు కూడా.

"అనగా పెరిగినది ఇనుము కాదు, సందు."

"అవునండీ."

"సంస్థ చైను మధ్య ఏర్పడిన సందు సంస్థ సందే అగును. అన్యులది కాజాలదు" అని ఆయన కళ్లు తెరిచాడు. ఆ కళ్లలో ఒక వెలుగు కనిపించింది. తర్వాత అనర్థమంతా ఆ వెలుగుతోనే వచ్చింది. "డాక్టరు గారూ, ఇది ఆస్తి వృద్ధి."

జిల్లాలో అప్పటిదాకా వృద్ధి కింద చూపించడానికి ఏదీ దొరకలేదు. ఆఫీసు భవనం పెచ్చులూడి తగ్గింది. సిబ్బంది రిటైరై తగ్గారు. జీవాల సంగతి చెప్పనక్కరలేదు. జిల్లా అధికారి సచ్చిదానందరావు గారి పొట్ట ఒక్కటే పెరుగుతోంది గానీ అది సొంత ఆస్తి అయిపోయింది. గోడ మీద పైకి ఎగబాకే గీత గీయాలని రంగు పెన్సిళ్లు తెప్పించి పెట్టుకున్న మనిషికి ఒక మారుమూల వ్యానులో చైను తనంతట తాను ఎదిగిందని కబురొస్తే ఎట్లా ఉంటుంది? ఆయన లేచి నిలబడ్డాడట. సంస్థలో ఆయన ఎవరి కోసమూ లేచి నిలబడగా చూసినవాళ్లు లేరు.

వారం తిరక్కుండా సన్మాన సభ పెట్టారు. చైనును కిరోసినుతో కడిగి, పళ్లెంలో ఎర్రటి మఖమలు గుడ్డ పరిచి, దాని మీద చుట్టగా పెట్టి వేదిక మీదికి తెచ్చారు. ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టారు. సచ్చిదానందరావు గారు మైకు పట్టుకున్నాడు.

"మిత్రులారా, బడ్జెట్టు లేదు, పర్యవేక్షణ లేదు, మూత వేసిన ఇంజను చీకట్లో ఎవరూ చూడకుండా ఒక ఆస్తి నిశ్శబ్దంగా ఎదిగింది."

"నిశ్శబ్దంగ యాడిది, మోతకు చెవులు పాడైనయి" అని కింద కూర్చున్న కొమురెల్లి గొణిగాడు.

"ఇది మన సిబ్బంది నిబద్ధతకు నిదర్శనం. ఈ చైనును పెంచి పెద్ద చేసిన శ్రీ జహంగీరు గారిని శాలువాతో సత్కరించుకోవడం మన బాధ్యత."

జహంగీరు వేదికెక్కాడు. పుట్టి బుద్ధెరిగాక అతన్ని ఎవరూ శ్రీ అనలేదు. శాలువా కప్పారు, దండ వేశారు. ఇట్లాంటి ఎదుగుదల ఎట్లా సాధ్యమైందో నాలుగు మాటలు చెప్పమన్నారు. అతను ప్రసూన వైపు చూశాడు. భుజం మీది శాలువా వైపు చూశాడు. శాలువా మెత్తగా ఉంది.

"ఆయిలు మార్చకుంటె మంచిగ పెరుగుతది సార్" అన్నాడు.

చప్పట్లు మోగాయి. రెండు రోజుల్లో జిల్లాలోని బళ్లన్నిటికీ హుకుం వెళ్లింది, చైన్ల సహజ ఎదుగుదలకు ఆటంకం కలిగిస్తున్న ఇంజనాయిలు మార్పిడిని తక్షణం నిలిపివేయాలని. జహంగీరును చైన్ల ఎదుగుదల సలహాదారుగా నియమించారు. షెడ్డు ముందు బోర్డు మారింది. అతనూ మారాడు. ఎవరైనా స్కూటరు తెస్తే, "ఆగాలె, ఇంక పెరగనీ" అనడం మొదలుపెట్టాడు.

ఆ సభ ముగిశాక ప్రసూన జిల్లా అధికారి గదిలోకి వెళ్లింది.

"సార్, అది ఎదగడం కాదు. మోకాళ్లు అరిగిన మనిషి వంకరగా నడుస్తుంటే నాట్యం నేర్చాడంటామా? నాకు కొత్త చైను ఇప్పించండి. మిరుగు వస్తోంది."

సచ్చిదానందరావు గారు దయగా నవ్వాడు. ఆయన దయగా నవ్వితే పని కాదని అర్థం.

"డాక్టరమ్మా, మీరు వైద్యులు, ఎక్కడ చూసినా మీకు రోగమే కనపడుతుంది. మేం పరిపాలకులం, ఆరోగ్యాన్ని చూస్తాం. అయినా మీరడిగే కొత్త చైను ఎంత పొడవు?"

"ఉండాల్సినంత."

"అంటే దీనికంటే పొట్టి. ఎదిగిన ఆస్తిని తీసి ఎదగని ఆస్తిని బిగించమంటున్నారు. ఆ తరుగుకు ఎవరు పూచీ? పైవాళ్ల సభలో మన చైను గురించి త్వరలో నేను మాట్లాడబోతున్నాను. వచ్చే ఏటికి ఇంకో అంగుళం లక్ష్యం పెట్టుకున్నాం."

ఇంకో అంగుళం పెరిగితే ఆ చైను ఇంజనులో ఉండదు, రోడ్డు మీద ఉంటుంది. ఆ మాట ప్రసూన నోటిదాకా వచ్చింది. కానీ చెవిటివాడి ముందు శంఖం ఊదడానికీ ఓపిక ఉండాలి, ఆమె దగ్గర అది అయిపోయింది.

చైనుకు మఖమలు దక్కితే పళ్ల చక్రాలకు విచారణ దక్కింది. అవి తగ్గాయి కదా. తగ్గించినవాడెవడో తేలాలి. బండి కొమురెల్లి స్వాధీనంలో ఉంది కాబట్టి అతన్ని కుర్చీ లేని గదిలో నిలబెట్టారు. పరాంకుశం విచారణాధికారి.

"చక్రముల పళ్లు ఏమైనవి?"

"అరిగినయి సార్."

"అరిగి ఎచ్చటికి పోయినవి?"

"యాడికి పోతయి సార్, ఆయిల్ల గలిసినయి."

"ఆ ఆయిలు ఏది?"

"పారబోసిన."

"అనగా సంస్థ ఆస్తిని ఆయిలులో కలిపి పారబోసినట్లు అంగీకరించుచున్నారు."

పళ్లు అరగగొట్టింది ఆ సన్మానం చేయించుకున్న చైనేనని ప్రసూన సాక్ష్యం చెప్పింది. సత్కారం పొందిన ఆస్తి మీద అభియోగం చెల్లదని పరాంకుశం ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చాడు. చివరికి కొమురెల్లికి మందలింపు, పళ్ల చక్రాలకు ఉద్వాసన. వాటి స్థానంలో కొత్త చక్రాలు మంజూరు చేశారు. చైను మాత్రం పాతదే ఉండాలి.

అరిగి సాగిన చైనును కొత్త పళ్ల మీద ఎక్కించడమంటే పెద్దోడి చెప్పు చిన్నోడి కాలికి తొడిగి కొండెక్కమనడం. పళ్లకూ లింకులకూ కొలత కుదరదు. జహంగీరు అంతా తెలిసే బిగించాడు. ఇంజను మీది గుర్తులు ఒకదానికొకటి సరిగ్గా కూర్చోలేదు. చైనును బిగువుగా పట్టి ఉంచే టెన్షనరు చివరంటా సాగి, ఇక నావల్ల కాదన్నట్టు ఆగిపోయింది.

"నువ్వే కదా జహంగీరూ అన్నీ ఒక్కసారే మార్చాలన్నది" అంది ప్రసూన.

అతను పానా తుడుస్తూ తల దించుకున్నాడు. "అన్న మేడమ్. గని నేనేం జెయ్యాలె? షాలువ గప్పిండ్రు. గిప్పుడు కాదంటె మంచిగుండది."

ఇక మిగిలింది ప్రసూన సంతకం. బండి తిరగడానికి పనికొస్తుందని ఆమె రాసిస్తేనే టీకా మందు ఇస్తారు. పనికిరాదని ఆమెకు తెలుసు. రాయకపోతే మందు కోల్డు గదిలోనే ఉంటుంది. పడమట మబ్బు కమ్ముతోంది. గుండ్లగట్టు మరీ దూరమేమీ కాదు. మెల్లగా పోతే ఒక్కసారికి ఓర్చుకోదా, ఒక్క ప్రయాణం చాలదా అని ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంది. చదువుకున్నవాళ్లకు తమను తాము ఒప్పించుకోవడం పెద్ద పనేం కాదు. సంతకం పెట్టింది.

మందు చేతికొచ్చింది గానీ బండి కదలడానికి ముహూర్తం రాలేదు. ఎదిగిన చైనుతో వెళ్లే మొదటి బండి కనుక జెండా ఊపాలన్నారు. జెండా ఊపడానికి సచ్చిదానందరావు గారు పైవాళ్ల సభ నుంచి తిరిగి రావాలన్నారు. ఈలోపు మిరుగు రానే వచ్చింది. సన్నటి జల్లు పడింది. నేల మెత్తబడి, ఎక్కడ చూసినా పచ్చటి గడ్డి పోచలు తల ఎత్తాయి. ఆ పచ్చదనం చూసి ఊరంతా సంతోషించింది. ప్రసూన మాత్రం మందు పెట్టెలో ఐసు మళ్లీ మార్పించింది.

చివరికి ఆయన వచ్చాడు, మాట్లాడాడు, జెండా ఊపాడు. బండి మొదట ఊరంతా ఊరేగి వెళ్లాలన్నాడు. డప్పులతో బజారంతా తిరిగి, ఫోటోలు దిగి, అప్పుడు గుట్టల దారి పట్టింది. మొదటి ఎక్కుడు సగంలో ఉండగా ముందు నుంచి ఖణేల్‌మని ఒక చప్పుడొచ్చింది. తర్వాత మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టు కొన్ని చప్పుళ్లు. తర్వాత ఏమీ లేదు. బండి తన బరువుకు తానే వెనక్కి జారబోతే కొమురెల్లి చేయి బ్రేకు లాగి కిందికి దిగాడు.

"పాయె మేడమ్. పళ్లు ఎగిరినయి. వాల్వులన్ని వంగి ఉంటయి."

ఇద్దరూ ఐసు పెట్టెను చెరో వైపూ పట్టుకుని నడిచారు. పెద్ద వాన అప్పుడే అందుకుంది. గుండ్లగట్టు కింద వాగు నిండుగా పారుతోంది. అవతల గట్టు మీద ఐలవ్వ గొంగడి కప్పుకుని నిలబడి ఉంది, ఆమె వెనక మంద గడ్డి మీద ఉంది. ప్రసూన మందను మేపొద్దని కేక వేసింది. వాగు హోరులో ఏం వినపడిందో ఏమో, ఐలవ్వ చెయ్యి ఊపింది. డాక్టరమ్మ వచ్చిందని సంతోషంతో ఊపింది. చీకటి పడేదాకా వాగు తగ్గలేదు, పెట్టెలో ఐసు కరిగిపోయింది, మందు పాడైపోయింది.

వాగు తగ్గాక ప్రసూన మళ్లీ బయలుదేరబోయింది. ఈసారి పరాంకుశం వెంట లేనిదే పోనివ్వమన్నారు. జీవాలకేదో అయిందని కబురు జిల్లా ఆఫీసుకు ముందే చేరింది. సచ్చిదానందరావు గారు ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేయించాడు. పారదర్శకత నాటి అద్దపు తలుపు కనుక బయటివాళ్లకు ఆయన చేతులు కదలడం కనిపించింది, మాట వినిపించలేదు.

"చావులని రాస్తే ఏమవుతుందో తెలుసా డాక్టరమ్మా? తరుగు. తరుగంటే విచారణ. బండి పనికొస్తుందన్న సంతకం ఎవరిది? నాది కాదు. పరాంకుశం గారిది కాదు. మీకింకా చాలా సర్వీసుంది."

"మరి ఏమని రాయాలి సార్? అవి చచ్చిపోయాయి. చావులని రాస్తేనే ఆ ముసలమ్మకు పరిహారం వస్తుంది."

"మీరేం రాయనక్కరలేదు. పరాంకుశం గారు కొలుస్తారు. మీరు సరేనంటే చాలు."

గుండ్లగట్టులో ఐలవ్వ దొడ్డి గుమ్మంలోనే వాసన తగిలింది. చిటుకు రోగంతో పోయిన గొర్రె ఎండ తగలగానే ఉబ్బుతుంది. నిన్న గాక మొన్న పొదుగు చేపిన గొర్రెలు, ఈ ఏటి పిల్లలు, కొమ్ములు తిరుగుతున్న పొట్టేళ్లు, అన్నీ డోళ్లలా బిగుసుకుని కాళ్లు గాలిలోకి చాపి పడి ఉన్నాయి. ఐలవ్వ వాటి మధ్య గొంగడి పరుచుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆగిన మనిషి ముఖం ఆమెది. ప్రసూనను చూసి లేవబోయి, లేవలేక, "వచ్చినావు బిడ్డా" అంది. నిష్ఠూరం కూడా లేదు ఆ మాటలో. ఉంటే బాగుండుననిపించింది ప్రసూనకు.

పరాంకుశం ముక్కుకు రుమాలు కట్టుకుని, టేపు తీసి, దగ్గరున్న పొట్టేలు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"డాక్టరు గారూ, ఆ కొస కొంచెము పట్టుకొనగలరు."

ప్రసూన వంగి పట్టుకుంది. చల్లటి ఉన్ని కింద చర్మం బిర్రుగా ఉంది. ఆయన టేపును పొట్ట చుట్టూ తిప్పి బిగించి, అంకె చదివి, అది మామూలు పొట్టేలు చుట్టుకొలత కంటే ఎంత ఎక్కువో మనసులోనే లెక్క కట్టుకున్నాడు.

"గణనీయమైన పెరుగుదల" అన్నాడు.

ఐలవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పెరిగినయా సారూ?"

"పెరిగినవమ్మా."

"మరి లేస్తయా?"

"లేచుట మా విభాగము కాదు" అని పరాంకుశం తర్వాతి గొర్రె దగ్గరికి జరిగాడు.

ఐలవ్వ ప్రసూన వైపు తిరిగింది. "నువ్వన్న జెప్పు బిడ్డా. ఏమని రాస్తున్నరు వీళ్లు?"

ప్రసూన చేతిలో టేపు కొస అట్లాగే ఉంది. అవతలి వైపు నుంచి పరాంకుశం అంకె చెప్పి, సరేనా డాక్టరు గారూ అని అడిగాడు. ఆమె ముసలమ్మ ముఖం చూడకుండా, సరేనండీ అంది.